మాల్ ముందు క్లిప్‌బోర్డ్ మీద పెట్టిన సంతకం: వెనక్కి తీసుకోవచ్చా, అసలు దాన్ని ఎవరైనా చూస్తారా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత వచ్చేవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. మీరుండేది సాన్‌హోజేలో, ఈమధ్యే సిటిజన్ అయ్యారు. శనివారం ఒక షాపింగ్ సెంటర్ బయట ఒకతను క్లిప్‌బోర్డ్‌తో ఎదురొచ్చి స్కూళ్ల కోసం ఒక్క సంతకం అన్నాడు. ఆ ఒక్కటి మూడైంది. ఇంటికొచ్చి చూసుకుంటే మొదటిదే స్కూళ్లది, మిగతా రెండూ మీరు ఒప్పుకోని విషయాలు. పక్కనే ఉన్న మీ నాన్నగారి చేత కూడా పెట్టించాడు, ఆయన విజిటర్ వీసా మీద వచ్చారు. మీరు అడిగినవి మూడు: సంతకం వెనక్కి తీసుకోవచ్చా, డబ్బులకి సంతకాలు పోగుచేసే ఈ వ్యాపారాన్ని ఎందుకు నిషేధించరు, ఇన్ని లక్షల సంతకాలు నిజంగా ఎవరైనా చూస్తారా.

నా గురించి రెండు ముక్కలు. కాలిఫోర్నియాలో ఒక కౌంటీ ఎన్నికల ఆఫీసులో సీజనల్ ఉద్యోగిగా పదకొండేళ్లు పిటిషన్ల మీద సంతకాలు సరిచూశాను. అంతకుముందు మా ఊరి లైబ్రరీ కోసం నేనే క్లిప్‌బోర్డ్ పట్టుకుని ఎండలో నిలబడ్డాను. లాయర్ని మాత్రం కాను.

ముందు నాన్నగారి సంగతి. ఆయన సంతకం పెట్టింది పిటిషన్ కాగితం మీదేనా, లేక ఏదైనా కార్డు కూడా నింపించాడా? ఇది ఇవాళే కనుక్కోండి. సంతకాలు పోగుచేసేవాళ్ల దగ్గర ఓటరు నమోదు కార్డులు కూడా ఉంటాయి. ఎదుటివాళ్లు ఓటరు కాదంటే అక్కడికక్కడే కార్డు నింపించి, ఆ తర్వాత పిటిషన్ మీద పెట్టిస్తారు. ఆ కార్డులో నేను అమెరికా పౌరుణ్ణి అని ఒప్పుకునే గడి ఉంటుంది. పౌరులు కానివాళ్లు అక్కడ సంతకం పెడితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని పౌరసత్వం గురించి చెప్పిన అబద్ధంగా చూస్తుంది. ఆ ముద్ర పడితే వీసా, గ్రీన్‌కార్డు దారులు దాదాపు శాశ్వతంగా మూసుకుపోతాయి. కార్డు నింపి ఉంటే ఇవాళే ఇమిగ్రేషన్ లాయర్ని కలవండి. పిటిషన్ మీద మాత్రమే పెట్టి ఉంటే అంత కంగారు అక్కర్లేదు. ఆయన పేరు ఓటర్ల జాబితాలో ఉండదు, ఆ వరుస చెల్లదు, అంతే. అర్హత లేదని తెలిసీ పెడితేనే అది నేరం. ఆయనకి తెలియదు కదా. అయినా ఏదో ఒక మాటగా లాయర్ చెవిన వేయడం మంచిది.

ఇక మీ సంతకం. తీసుకోవచ్చు. ఆ పిటిషన్‌ని కౌంటీలో దాఖలు చేసే రోజు రాకముందే మీ పేరు, ఇంటి చిరునామా, ఏ పిటిషనో రాసి, సంతకం పెట్టి కౌంటీ ఎన్నికల అధికారికి ఉత్తరం ఇస్తే మీ పేరు తీసేస్తారు. కారణం చెప్పనక్కర్లేదు. దాఖలయ్యాక మాత్రం ఏం చేయలేం. సాంటా క్లారా కౌంటీ ఆఫీసు మీ ఊళ్లోనే ఉంది, పోస్టులో వేసి ఎదురుచూసే బదులు స్వయంగా ఇచ్చి రండి. నేను పనిచేసిన ఏళ్లలో ఇలాంటి ఉత్తరాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వచ్చాయి. ఈ హక్కు ఉందని జనానికి తెలియదు, తెలియజెప్పాలని ఎవరికీ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర సంతకాల ఉద్యమం అంటే మనకి తెలిసింది ఒకటి. కోటి సంతకాలు సేకరించాం అని కట్టలు కట్టి, వ్యాను మీద ఊరేగించి, గవర్నరుకో రాష్ట్రపతికో ఇచ్చి వస్తారు. అది వినతిపత్రం. ఎవరూ లెక్కపెట్టరు, లెక్కపెట్టినా ఒరిగేదేం లేదు. ఇక్కడ అలా కాదు. కాలిఫోర్నియాలో సరిపడా సంతకాలు వస్తే ఆ ప్రతిపాదన నేరుగా బ్యాలెట్ ఎక్కుతుంది, జనం సగానికి పైగా ఔనంటే శాసనసభతో పనిలేకుండా చట్టమైపోతుంది. 1911లో గవర్నర్ హైరమ్ జాన్సన్ హయాంలో తెచ్చుకున్న హక్కు ఇది. రైల్వే కంపెనీ శాసనసభని జేబులో పెట్టుకుందన్న కోపంతో తెచ్చుకున్నారు. ఆ తర్వాత డబ్బున్న కంపెనీలే ఇదే దారిలో నడవడం నేర్చుకున్నాయి. 2020లో యాప్ డ్రైవర్లని ఉద్యోగులుగా చూడక్కర్లేదన్న 22వ ప్రతిపాదన మీద 20 కోట్ల డాలర్ల పైనే ఖర్చయింది. (డాలస్, ఎడిసన్ మిత్రులు ఇదేమిటో వింతగా చూస్తారు. టెక్సస్‌లో, న్యూజెర్సీలో రాష్ట్ర స్థాయిలో ఈ పద్ధతే లేదు.)

ఎన్ని సంతకాలు కావాలో చూస్తే ఈ వ్యాపారం ఎందుకు పుట్టిందో మీకే అర్థమవుతుంది. మామూలు చట్టానికి గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతం, రాజ్యాంగ సవరణకి 8 శాతం. 2022 ఎన్నిక లెక్కన అవి 5,46,651, 8,74,641. గడువు 180 రోజులు. వీధిలో తెచ్చిన సంతకాల్లో నూటికి 75 చెల్లితే బాగా చేసినట్టు. తనిఖీలో ఇబ్బంది లేకుండా గట్టెక్కాలంటే పదోవంతు అదనం చూసుకోవాలి. అంటే మామూలు చట్టానికే 8 లక్షలు తేవాలి, రోజుకి నాలుగువేల నాలుగొందలు. నేను లైబ్రరీ కోసం ఒక శనివారం నాలుగు గంటలు నిలబడితే 31 వచ్చాయి, అందులో ఇద్దరు మా ఇంటి పక్కవాళ్లే. వాలంటీర్లతో ఇంత పని అయ్యేది చాలా అరుదు. అందుకే కాంట్రాక్టర్లు దిగుతారు. వాళ్ల కింద సబ్‌కాంట్రాక్టర్లు, వాళ్ల కింద మీకు ఎదురైన మనిషి. సంతకానికి ఇంత అని రేటు. మొదట్లో కొద్ది డాలర్లే, గడువు దగ్గరపడ్డాక రెండంకెల్లోకి పోతుంది. మన నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకి వెయ్యికి ఇంతని కట్టిస్తారే, అదే లెక్క. అతని క్లిప్‌బోర్డ్ మీద మూడు పిటిషన్లు ఎందుకున్నాయో కూడా అందులోనే ఉంది. ఆగిన మనిషి ఒక్కడే, రాబడి మూడింతలు. బాగా పలికే పేరున్నది పైన పెడతాడు, మిగతావి దాని కింద పోతాయి.

మరి నిషేధించరెందుకు? ప్రయత్నించారు. కొలరాడోలో సంతకాలు సేకరించినందుకు డబ్బివ్వడం పెద్ద నేరంగా ఉండేది. లారీ రవాణా మీద ప్రభుత్వ నియంత్రణ తీసేయాలని పిటిషన్ వేసినవాళ్లు దాన్ని కోర్టుకెక్కించారు. 1988లో మేయర్ వర్సెస్ గ్రాంట్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఒక మనిషి వీధిలో ఇంకో మనిషిని ఆపి ఈ చట్టం కావాలి అని చెప్పడం రాజకీయ భావప్రకటనలో గుండెకాయ లాంటిది, దానికి జీతమిస్తే తప్పెలా అవుతుందన్నది తీర్పు సారం. అదే రాష్ట్రం ఇంకో దారి పట్టింది. సేకరించేవాళ్లు పేరున్న బ్యాడ్జీ పెట్టుకోవాలి, ఓటర్లై ఉండాలి, ఎవరికెంత ఇచ్చారో పేరుపేరునా చెప్పాలి అంది. 1999లో బక్లీ కేసులో అవీ పోయాయి. పేరు మెళ్లో వేలాడేసుకుని వివాదం ఉన్న విషయం మీద వీధిలో నిలబడమంటే చాలామంది అసలు రారు అంది కోర్టు. నాకు ఈ మాట సబబుగానే అనిపిస్తుంది. లైబ్రరీ కోసం నిలబడ్డప్పుడే నన్ను ఒకాయన పన్నులు పెంచుతావా అని కారు దాకా వెంబడించి తిట్టాడు. నా ఇంటిపేరు కూడా తెలిసుంటే మర్నాడు నేను వెళ్లేదాన్ని కాదు.

కాబట్టి జీతం ఇవ్వొద్దు అనడానికి లేదు. సంతకానికి ఇంత అని ఇవ్వొద్దు, గంటకి ఇవ్వండి అనొచ్చా? ఇక్కడ కోర్టులు రెండు దారులు పట్టాయి. ఆరెగాన్ ప్రజలు 2002లో ఓటేసి మరీ ఈ పీస్ రేటు, అంటే సంతకానికి ఇంత అనే లెక్క, తీసేశారు. 2006లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు (సుప్రీంకోర్టుకి కింద ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టు) సరేనంది. ఒహాయో అలాంటి చట్టమే చేస్తే 2008లో ఆరో సర్క్యూట్ కొట్టేసింది. కాలిఫోర్నియా శాసనసభ పదే పదే బిల్లు పంపుతూనే ఉంది. 2011లో గవర్నర్ జెర్రీ బ్రౌన్, 2019లో, 2021లో గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేసి వెనక్కి పంపారు. గంట జీతమైతే ఖర్చు పెరుగుతుంది, పెరిగిన ఖర్చు భరించేది మళ్లీ డబ్బున్నవాడే, చిన్న సంఘాలే చితికిపోతాయన్నది వాళ్ల వాదన. నాకు ఇది సగమే నిజమనిపిస్తుంది. గంట జీతం ఇచ్చినా సాయంత్రానికి ఇన్ని తేకపోతే రేపు రావద్దు అనే మేస్త్రీ ఉంటాడు, పేరు మారిన పీస్ రేటు అది. అయినా ఒక తేడా ఉంది. ఒక్కో సంతకానికి రేటు కట్టి ఉంటే రాత్రి వంటింటి బల్ల మీద కూర్చుని దొంగవి రాయాలన్న ఆశ పుడుతుంది. గంట జీతంలో ఆ ఆశ కొంత తగ్గుతుంది.

వంటింటి బల్ల అని ఊరికే అనలేదు. 2022లో మిషిగన్‌లో గవర్నర్ అభ్యర్థుల నామినేషన్ పత్రాలకి ఇలాగే డబ్బులిచ్చి సంతకాలు తెప్పించుకున్నారు. ఒక్కొక్కరికి 15,000 కావాలి. ఎన్నికల విభాగం తనిఖీలో 36 మంది సేకరణదారులు తెచ్చిన కాగితాల్లో కనీసం 68,000 సంతకాలు చెల్లనివని తేలింది. ఐదుగురు గవర్నర్ అభ్యర్థులు బ్యాలెట్‌కి దూరమయ్యారు. వాళ్లలో డెట్రాయిట్ మాజీ పోలీస్ చీఫ్ కూడా ఉన్నాడు. అక్కడ వాడిన పద్ధతికి రౌండ్‌టేబ్లింగ్ అని పేరు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని ఒకే కాగితాన్ని చేతులు మారుస్తూ తలో వరుసా రాస్తారు, పక్కపక్క వరుసల్లో దస్తూరీ ఒకేలా ఉండకుండా.

పట్టుబడేది ఎలాగో చెబుతాను, ఈ పనిలో నాకు నచ్చిన భాగం అదే. వీధిలోంచి వచ్చిన కాగితానికి ఒక వాసన ఉంటుంది. క్లిప్ పట్టిన చోట నొక్కు, గాలికి మడత పడిన మూల, కాఫీ మరక, మూడో వరుసలో ఇంకు అయిపోయి నాలుగో వరుస నుంచి వేరే పెన్ను. ఒకరు గడి దాటి రాస్తారు, ఒకరు ఊరి పేరు తప్పు రాసి కొట్టేస్తారు, ఒక తాతగారి చెయ్యి వణుకుతుంది. బల్ల మీద పుట్టిన కాగితం పెళ్లిచూపులకి కూర్చున్నట్టు ఉంటుంది. ఎక్కడా నలగదు. పేర్లు వేరు, ఇళ్లు వేరు, కానీ అన్ని చిరునామాల్లోనూ 7 అంకెకి నడుము మీద అదే గీత. మా సూపర్‌వైజర్ ఒకావిడ ముందు కాగితాన్ని తిప్పి వెనక వైపు వేళ్లతో తడిమేది. గోడకో కారు డిక్కీకో ఆనించి రాసినదైతే వెనక గరుకు తగులుతుంది.

ఇక మీ మూడో ప్రశ్న. అన్నీ చూడరు, ముందు మచ్చుకి చూస్తారు. అన్నం ఉడికిందా లేదా తెలియడానికి మెతుకు పట్టి చూసినట్టే. ప్రతి కౌంటీ తనకొచ్చిన సంతకాల్లోంచి కంప్యూటర్ ఎంచిన 3 శాతం గానీ, 500 గానీ, ఏది ఎక్కువైతే అవి సరిచూస్తుంది. 500 కంటే తక్కువ వస్తే అన్నీ చూస్తుంది. రాష్ట్రమంతటి లెక్క కలిపితే చెల్లేవి కావలసినదానికి 110 శాతం పైన తేలితే బ్యాలెట్ ఎక్కుతుంది, 95 కన్నా తగ్గితే పోతుంది. మధ్యలో ఉంటేనే మొత్తం అన్నీ లెక్కపెట్టాలి. ఆ మధ్యలో ఉంటే మాకు భోజనాలు కూడా డెస్కుల దగ్గరే.

ఇందులో ఒక తమాషా ఉంది. మచ్చులో ఒకే మనిషి రెండుసార్లు పెట్టిన సంతకం ఒక్కటి దొరికితే, పిటిషన్ మొత్తం లెక్కలోంచి వెయ్యికి పైగా సంతకాలు ఎగిరిపోతాయి. అన్యాయం అనిపిస్తుంది, కానీ లెక్క సరైనదే. ఒక సంతకం 3 శాతం మచ్చులో పడే అవకాశం నూటికి 3. ఒకే మనిషివి రెండూ మచ్చులో పడే అవకాశం 3 శాతంలో మళ్లీ 3 శాతం, అంటే పదివేలకి 9. అంత అరుదైన జంట మనకి ఒకటి దొరికిందంటే బయట అలాంటివి పదకొండు వందల దాకా ఉన్నాయని అర్థం. కాబట్టి మన గుళ్లో, గ్రోసరీ షాపు ముందు మంచి పనే కదా అని రెండోసారి పెట్టే పెద్దమనుషులకి చెప్పండి, మీరు సాయం చేయడంలేదు, వెయ్యి మంది సంతకాలు పీకేస్తున్నారు. పైగా తెలిసి రెండోసారి పెట్టడం నేరం కూడా.

మనవాళ్ల సంతకాలు ఎందుకు పోతాయో కూడా చెబుతాను, ఇది పదకొండేళ్లు చూసిందే. మొదటిది చిరునామా. అపార్ట్‌మెంట్ నుంచి సొంతింటికి మారతారు, బ్యాంకుకి చెబుతారు, కాస్ట్‌కోకి చెబుతారు, ఓటర్ల జాబితాకి చెప్పరు. పిటిషన్ మీద కొత్త చిరునామా, జాబితాలో పాతది, చెల్లదు. రెండోది కౌంటీ. ఒక్కో కాగితం ఒక్కో కౌంటీ ఓటర్లకి. ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లు మిల్పీటస్‌లో దోసె తిని బయటికొస్తూ సంతకం పెడతారు. ఫ్రీమాంట్ అలమీడా కౌంటీ, మిల్పీటస్ సాంటా క్లారా. సేకరించేవాడు కాగితం మార్చి ఇవ్వకపోతే అది వృథా. మూడోది ఇంకా మనకే ప్రత్యేకం. "నీది కూడా నేనే నింపేస్తా, నువ్వు సంతకం పెట్టు" అని భార్యతో చెప్పి భర్త రెండు వరుసలూ రాసేస్తాడు. పేరూ చిరునామా ఎవరివి వాళ్లే సొంత చేత్తో రాయాలని చట్టం. వైకల్యం వల్ల రాయలేనివాళ్లకి మాత్రమే వేరేవాళ్లు రాయొచ్చు. ఒకే దస్తూరీ కింద రెండు సంతకాలు కనిపించగానే ఆవిడది పక్కకి పోతుంది. పేరులో అక్షరాలు కుదించి ఇనీషియల్స్ రాస్తే మాత్రం భయం లేదు, దాన్నిబట్టి కొట్టేయకూడదని చట్టమే చెబుతోంది. వెంకట సత్యనారాయణమూర్తి గారు వి.ఎస్. అని రాసుకోవచ్చు, ఆ గడిలో అంతకన్నా పట్టదు కూడా.

ఇంతకీ మిమ్మల్ని మోసం చేసినవాణ్ణి చట్టం ఏమీ అనదా? అంటుంది. పిటిషన్‌లో ఏముందో కావాలని తప్పు చెప్పడం, చదువుతానంటే ఇవ్వకపోవడం కాలిఫోర్నియాలో నేరమే. సంతకానికి బదులు డబ్బో వస్తువో ఇస్తే నేరం. లాస్ ఏంజిలెస్ స్కిడ్ రో దగ్గర వీధిలో బతికేవాళ్లకి డాలరో సిగరెట్టో ఇచ్చి వేరేవాళ్ల పేర్లతో సంతకాలు పెట్టించారని 2018లో తొమ్మిది మంది మీద కేసులు పెట్టారు. కానీ మీకు చెప్పిన అబద్ధానికి సాక్ష్యం ఏది? మీ మాట, అతని మాట. అతను పిల్లల స్కూళ్ల కోసం అన్నాడు, ఒక కాగితం నిజంగానే స్కూళ్లది. ఇలాంటి కేసు చేతికి తీసుకునే ప్రాసిక్యూటర్ అరుదు.

నేను ఈ పనిలో ఇన్నేళ్లుండి తేల్చుకున్నది ఇదే. సేకరించేవాడి మెడకి ఎన్ని తాళ్లు కట్టినా నష్టపోయేది వాలంటీర్లే, కాంట్రాక్టరు దగ్గర ఆ తాళ్లు విప్పే లాయర్లుంటారు. ఆంక్ష పెట్టవలసింది సంతకం పెట్టేవాడి కళ్ల ముందుండే కాగితం మీద. కాలిఫోర్నియా ఆ దిక్కుగా కొంత నడిచింది. సంతకాలున్న ప్రతి పేజీ పైనా అటార్నీ జనరల్ రాసిన శీర్షిక, సారాంశం ఉండాలి. డబ్బులకి సేకరిస్తున్నారో వాలంటీరో అడిగే హక్కు మీకుందని అచ్చు వేయాలి. 2020 నుంచి ఎక్కువ డబ్బు పెట్టినవాళ్ల పేర్ల పట్టీ చూపించాలి, అఫీషియల్ టాప్ ఫండర్స్ అని. కానీ ఆ పట్టీ వేరే కాగితంగా ఉన్నా సరేనన్నారు. వేరే కాగితం క్లిప్‌బోర్డ్ అడుగునే ఉంటుంది. అడిగితే తీస్తారు, అడగాలని మీకు తెలియాలి కదా. నా చేతిలో ఉంటే ఆ పట్టీలోని పేర్లు సంతకం గడి పక్కనే పెద్ద అక్షరాల్లో వేయిస్తాను. స్కూళ్ల కోసం అని చెప్పేవాడి పక్కనే ఫలానా కంపెనీ పేరు కనిపిస్తే మిగతా పని మీరే చేసుకుంటారు. రెండోది, దాఖలయ్యాక మచ్చుకి కొంతమంది ఓటర్లకి పోస్టుకార్డు వేసి ఈ పిటిషన్ మీద మీరే పెట్టారా, ఏమని చెప్పారు అని అడగాలి. దొంగ సంతకం అక్కడే బయటపడుతుంది.

రెఫరెండమ్ అయితే మరీ జాగ్రత్త. శాసనసభ చేసిన చట్టాన్ని ఆపడానికి 90 రోజుల్లో సంతకాలు తెస్తే, ఎన్నిక అయ్యేదాకా ఆ చట్టం అమలు ఆగిపోతుంది. ప్లాస్టిక్ సంచుల నిషేధం 2014లో చేస్తే, సంచులు తయారుచేసే కంపెనీలు ఇలాగే 2016 నవంబరు దాకా ఆపాయి. ఎన్నికలో ఓడిపోయాయి, కానీ ఆ రెండేళ్లు అమ్ముకున్నాయి. సంతకాలు అడిగేటప్పుడు మాత్రం ఆ మంచి చట్టాన్ని మీరు కాపాడుతున్నట్టే వినిపించేలా చెప్పగలరు. ఓటు వేసేటప్పుడు కూడా ఔనంటే ఏమిటో కాదంటే ఏమిటో జనం తికమక పడేవాళ్లు. 2023లో చట్టం మార్చి బ్యాలెట్ మీద చట్టాన్ని ఉంచాలి, చట్టాన్ని తీసేయాలి అని నేరుగా రాసేలా చేశారు. వీధిలో చెప్పే మాటకి అలాంటి మార్పేం రాలేదు.

ఆంక్షలు రెండోవైపు ఎలా తిరుగుతాయో కూడా చూడండి. 2024లో ఆర్కన్సా రాష్ట్రంలో అబార్షన్ హక్కు మీద పిటిషన్‌కి 90,704 సంతకాలు కావాలి. లక్ష దాటి తెచ్చారు. జీతానికి సేకరించినవాళ్లకి శిక్షణ ఇచ్చామన్న ధ్రువపత్రాన్ని మిగతా కాగితాలతో కలిపి ఇవ్వలేదని అధికారులు ఆ జీతగాళ్ల సంతకాలన్నీ పక్కన పెట్టారు. వాలంటీర్లవి 87,675 మిగిలాయి. రాష్ట్ర సుప్రీంకోర్టు 4–3తో అదే ఖాయం చేసింది. ఆ విషయం మీద మీ అభిప్రాయం ఏదైనా కానీయండి, జీతగాళ్లు తెచ్చారని అలా పక్కన పెట్టిన సుమారు 14,000 సంతకాల్లో ఒక్కటి దొంగదని ఎవరూ అనలేదు. ఫ్లోరిడా 2025లో ఇంకా బిగించింది. పౌరులు కానివాళ్లు సేకరించకూడదు, నమోదు చేసుకోకుండా మీ ఇంట్లోవాళ్లవి కాక 25 కంటే ఎక్కువ పత్రాలు మీ దగ్గరుంటే పెద్ద నేరం. అది కోర్టుల్లో నలుగుతోంది. గ్రీన్‌కార్డు మీద టాంపాలోనో ఆర్లాండోలోనో ఉండి ఇలాంటి పనికి సాయం చేద్దామనుకునేవాళ్లు లాయర్ని అడగకుండా కాగితం ముట్టుకోకండి. కాలిఫోర్నియాలో సేకరించడానికి 18 ఏళ్లు నిండితే చాలు, కానీ హెచ్1 మీద ఉన్నవాళ్లు దానికి డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగం అవుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి. ఆ మనిషి అసలు షాపింగ్ సెంటర్లో ఎలా నిలబడ్డాడని మీకు అనిపించి ఉంటుంది, అది ప్రైవేటు స్థలం కదా. ఆ హక్కు మీ పక్క ఊళ్లోనే పుట్టింది. క్యాంప్‌బెల్‌లో ప్రూన్‌యార్డ్ సెంటర్ ఉంది చూశారా, అక్కడ హైస్కూల్ పిల్లలు బల్ల వేసుకుని సంతకాలు అడుగుతుంటే సెక్యూరిటీ వాళ్లు లేపేశారు. ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1980లో పిల్లలే గెలిచారు. కాలిఫోర్నియా రాజ్యాంగం ప్రకారం పెద్ద షాపింగ్ సెంటర్ల ఉమ్మడి ఆవరణలో ఈ పని చేసుకోవచ్చు, యాజమాన్యం వేళలూ చోటూ నిర్ణయించొచ్చు. విడిగా ఉన్న ఒక్క దుకాణం గుమ్మానికి ఇది వర్తించదు, అందుకే ఇండియన్ స్టోర్ ఓనర్ పొమ్మంటే పోవాల్సిందే.

మీ వివరాలు బయటికి పోతాయేమోనని కూడా రాశారు. కాలిఫోర్నియాలో పిటిషన్ కాగితాలు పబ్లిక్ రికార్డు కావు, మీ చిరునామాని ఇంకో పనికి వాడితే నేరం. వాషింగ్టన్ రాష్ట్రంలో అయితే బయటపెట్టొచ్చు, 2010లో సుప్రీంకోర్టు దానికి ఒప్పుకుంది. సియాటిల్ వైపు మారే ఆలోచన ఉంటే గుర్తుంచుకోండి.

ఉత్తరంలో ఆ రెండు పిటిషన్ల శీర్షికలు రాయాలి, మీకు గుర్తుండకపోవచ్చు. సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైటులో ఇప్పుడు సంతకాల దశలో ఉన్నవాటి జాబితా ఉంటుంది, అందులో చూసి గుర్తుపట్టండి. సంతకం ఓటరు నమోదులో ఉన్నట్టే పెట్టండి, నమోదయ్యాక స్టైల్ మార్చుకుని ఉంటే పాతదే. నాన్నగారు కార్డు నింపారో లేదో తెలిశాక ఇక్కడ ఒక ముక్క రాయండి.